పని మనది, పెత్తనము పరులది

హైదరాబాదు నగరమున విదేశీయ కంపెనీల శాఖలు నానాటికి వర్ధిల్లుచున్నవి. 1998లో మైక్రోసాఫ్టు కంపెనీ ఇచ్చట తన అభివృద్ధి కేంద్రమును నెలకొల్పినది మొదలు ఒకదాని వెంట నొకటిగా నెన్నియో వచ్చినవి. ప్రతి నూతన భవనమునకును మంత్రులు ప్రారంభోత్సవము గావించి ఉద్యోగముల లెక్కను చదివి వినిపించుచున్నారు. ఆ లెక్కను మేము కాదనము. వేలకొలది తెలుగు కుటుంబములకు అన్నము పెట్టుచున్న జీతమును నిందించుట అవివేకము. కాని ఒక్క ప్రశ్న నడుగక తప్పదు: ఈ భవనములలో పుట్టుచున్న విద్య యెవరి సొత్తు? దానిపై ఆజ్ఞ యెవరిది?

జ్ఞానమును పంచుకొనుచున్నామని కంపెనీలవారు చెప్పుదురు. పంచుకొనుట యనగా ఇచ్చుటయు పుచ్చుకొనుటయు గదా! ఇచ్చట జరుగుచున్న దేమి? మన యువకుడు కనిపెట్టిన యుక్తి, ఉద్యోగమున చేరిననాడు అతడు వ్రాసియిచ్చిన ఒడంబడిక ననుసరించి, సాధారణముగ కంపెనీ సొత్తై, తుదకు సముద్రమున కావలనున్న మాతృసంస్థకు చేరును. పేటెంటు పత్రమున అతని పేరుండును, హక్కు కంపెనీది. ఏ వస్తువును తయారుచేయవలెను, ఏ విభాగమును మూయవలెను, ఎవరిని తొలగింపవలెను అను నిర్ణయములు అచ్చటనుండియే వచ్చును. విద్య పైకి పోవును, ఆజ్ఞ క్రిందికి దిగును. దీనిని పంపకమందుమా, కప్పమందుమా?

ఈ తగవు నేటిది కాదు. 1973 నాటి విదేశ మారక నియంత్రణ చట్టము విదేశీయ వాటాను సాధారణముగ నూటికి 40కి తగ్గింపుమని శాసించెను. పానీయపు రహస్యమును, పెత్తనమును వదలుకొనుటకంటె దేశమును వదలుటయే మేలని కోకాకోలా కంపెనీ 1977లో వెడలిపోయెను. 1978లో ఐ.బి.యం. కంపెనీయు ఆ త్రోవనే పట్టెను. అంతట మన దేశమున కంప్యూటర్లు మూలబడెనా? 1975లో ప్రభుత్వము స్థాపించిన సి.యం.సి. సంస్థ ఆ యంత్రముల సంరక్షణ భారమును వహించి నడిపించెను. విద్య పనిచేయువాని చేతిలోనే యున్నదని ఆనాడే రుజువైనది.

1991 తరువాత తలుపులు తెరచితిమి. మాతృసంస్థలకు ప్రభుత్వానుమతి లేకయే చెల్లింపదగిన రాయల్టీపై నుండిన పరిమితిని సైతము 2009లో తొలగించితిమి. తలుపులు మరల మూయుమని మేము కోరుట లేదు. లోనికి వచ్చువారిని షరతు లడుగుమని కోరుచున్నాము.

హైదరాబాదున జన్మించిన సత్య నాదెళ్ల 2014లో మైక్రోసాఫ్టు అధిపతి కాలేదా యని కొందరు వాదింతురు. సంతోషమే. కాని మనవాడు పెద్దపీట నెక్కినంత మాత్రమున పీట మన యింటికి రాదు. వ్యక్తి గౌరవము వేరు, సంస్థపై అధికారము వేరు.

కావున మేము చెప్పున దిది. ప్రభుత్వమునొద్ద భూమి గాని, పన్ను మినహాయింపు గాని పొందిన ప్రతి విదేశీయ శాఖయు, ఇచ్చట పుట్టిన కల్పనలెన్ని, వానిలో ఇచ్చటి సంస్థ పేర హక్కున్నవెన్ని యను లెక్కను ఏటేట ప్రకటింపవలెను. మన విశ్వవిద్యాలయముల విద్యార్థులకు తన ప్రయోగశాలలో చోటీయవలెను. ఇచ్చటి పరిశోధనపై తుది నిర్ణయము చేయువారు ఇచ్చటనే యుండవలెను. ఉద్యోగముల లెక్క చదువు మంత్రులు ఈ లెక్కను కూడ చదువవలెను. అది వినబడువరకు మన పేరు గొప్ప, ఊరు దిబ్బయే. జీతముతో తృప్తిపడి పెత్తనమును మరచినచో, ఎంత విద్య నేర్చినను మనము పరుల పొలమున కూలికి దున్నువారమే యగుదుము.