మైదానం అంచున నిలబడ్డవాళ్ళు

పిల్లలూ, బదిలీ మీద కొత్త బడికి వచ్చిన మొదటి వారం గుర్తుందా? తరగతిలో బెంచీ దొరుకుతుంది, హాజరు పట్టీలో పేరు ఎక్కుతుంది. ఆటల పీరియడ్‌లో మాత్రం ఎవరి జట్టులో చేరాలో ఎవరూ చెప్పరు. ఇద్దరు కెప్టెన్లు ఒక్కొక్కరినే పిలుచుకుంటూ పోతారు. చివరికి కొత్తవాళ్ళు మిగులుతారు. పనిచేసిన ప్రతి ఊళ్ళోనూ ఇదే చూశాం. అందుకే ఎవరైనా "ఆటే కదా" అంటే మేం ఒప్పుకోం.

ఫ్రెంచి సామాజిక శాస్త్రవేత్త పియెర్ బూర్దియూ డబ్బొక్కటే పెట్టుబడి కాదన్నాడు. పరిచయాలు, చదువు, మాటతీరు, చివరికి ఒంటికి అలవడిన నేర్పు కూడా పెట్టుబడే. కానీ ఏ పెట్టుబడి అయినా దానికి విలువ ఉన్న క్షేత్రంలోనే చెల్లుతుంది. ఈ సంగతి మీకు పుస్తకం చదవకుండానే తెలుసు. విజయనగరంలో కబడ్డీ కూతకు పేరుపడ్డ కుర్రాడు గార్డెన్ రీచ్‌కు వస్తే ఇక్కడ అందరి కాళ్ళ దగ్గరా ఫుట్‌బాల్ ఉంటుంది. నిన్నటి నాయకుడు ఇవాళ గోల్‌పోస్టు వెనక బంతులు ఏరుతుంటాడు. వాడి బలం తగ్గలేదు, అది చెల్లే చోటు మారింది.

ఈ ఊళ్ళో ఫుట్‌బాల్‌కు అంత విలువ ఊరికే రాలేదు. 1911 జూలై 29న మోహన్ బగాన్ జట్టు ఈస్ట్ యార్క్‌షైర్ రెజిమెంటును 2-1తో ఓడించి ఐ.ఎఫ్.ఎ. షీల్డు గెలిచింది. పదకొండు మందిలో పదిమంది వట్టి కాళ్ళతో ఆడారు. బూట్లు లేనివాళ్ళు తెల్లవాళ్ళ పటాలాన్ని ఓడించడం జనానికి ఆటకన్నా పెద్ద విషయంగా కనిపించింది. 1934 నుంచి వరసగా ఐదేళ్ళు కలకత్తా లీగు గెలిచిన మహమ్మడన్ స్పోర్టింగ్ ముస్లింలకు గర్వకారణమైంది. దేశవిభజన తర్వాత వచ్చిన కాందిశీకులకు ఈస్ట్ బెంగాల్ జట్టే పోగొట్టుకున్న ఊరైంది. ఆ జట్టు గెలిస్తే ఇంట్లో ఇలిష్, మోహన్ బగాన్ గెలిస్తే రొయ్యలు. (ఇలిష్ అంటే మన గోదావరి పులసే.)

ఇదే ఊరికి 1957లో సికింద్రాబాద్ నుంచి తులసీదాస్ బలరాం వచ్చాడు. పేద ఇంటి పిల్లవాడు, హైదరాబాద్ కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీం కంట పడ్డాడు. రహీం గారు ఒకప్పుడు బడిపంతులు. ఈ మాట కొంచెం గర్వంగానే రాస్తున్నాం. బలరాం ఈస్ట్ బెంగాల్‌కు ఆడాడు, 1962 జకార్తా ఆసియా క్రీడల్లో స్వర్ణం గెలిచిన జట్టులో ఉన్నాడు, తర్వాత బి.ఎన్.ఆర్. జట్టుకు ఆడాడు. బి.ఎన్.ఆర్. అంటే బెంగాల్ నాగపూర్ రైల్వే. మీలో చాలామంది అమ్మానాన్నలు పనిచేసే సౌత్ ఈస్టర్న్ రైల్వేకు అది పాత పేరు. ప్రధాన కార్యాలయం గార్డెన్ రీచ్‌లోనే ఉంది కదా. మహేంద్రసింగ్ ధోనీ 2001లో ఖరగ్‌పూర్‌లో టికెట్లు తనిఖీ చేసే ఉద్యోగంలో చేరింది కూడా ఈ రైల్వేలోనే. ఆటలో నేర్చిన నేర్పు ఇలా జీతంగా మారింది.

అయితే ఈ కథల్లో ఒక్క అమ్మాయి పేరూ లేదని గమనించారా? ఎనిమిదో తరగతి దాటగానే మన అమ్మాయిలు చాలామంది మైదానం నుంచి మెట్ల మీదికి చేరతారు. ఎవరూ పొమ్మనరు. ఎండ అంటారు, చదువు అంటారు, ఇంట్లో ఏమంటారో అంటారు. ఎవరూ ఆజ్ఞాపించకుండానే ఒంటికి అలవాటైపోయే ఇలాంటి కట్టుబాట్ల గురించే బూర్దియూ చాలా రాశాడు.

మా తప్పూ ఉంది. పాఠాలు మిగిలాయని ఆటల పీరియడ్ అడిగి తీసుకున్నది మేమే. వెనకటి బళ్ళలో ఛందస్సు అలాగే పూర్తిచేశాం. లెక్కల పీరియడ్‌ను ఆటలకు ఇచ్చినవాళ్ళను మాత్రం ఇంతవరకూ చూడలేదు. గణాలు ఎంతమందికి వచ్చాయో గానీ, ఆ నలభై నిమిషాల్లో కొత్త పిల్లలకు దొరకాల్సిన స్నేహితులు దొరకలేదు.

కాబట్టి ఈసారి మేమొచ్చి అడిగినా ఆ పీరియడ్ ఇవ్వకండి. కెప్టెన్లు కొత్తవాళ్ళను ముందు పిలవాలి. వారానికొక రోజు ఏ ఆట ఆడాలో కొత్తగా వచ్చినవాళ్ళే చెప్పాలి, అమ్మాయిలైనా అబ్బాయిలైనా. కబడ్డీ అన్నారంటే గీతలు గీయడానికి ముగ్గుపిండి మేం తెస్తాం.