ఉద్యోగం మానేసి గిత్తల్ని తోలతావా తమ్ముడూ?

మొన్న ఆదివారం సాయంత్రం తెల్లాపూర్ ఎమ్మెమ్‌టీయెస్ స్టేషను దగ్గర టీ తాగుతుంటే మా టీములో కుర్రాడొకడు చల్లగా ఓ మాట చెప్పాడు. సోమవారం రిజైన్ చేసేస్తున్నాడట. వేరే కంపెనీలో ఆఫరొచ్చి కాదు, ఎమ్మెస్‌కీ కాదు. దాచుకున్న 20 లక్షలు పెట్టి ఓ జత ఒంగోలు గిత్తల్ని కొంటాడట. బండలాగుడు పోటీలకి తిప్పుతాడట. కాస్త పేరొచ్చాక ఔటర్ రింగు రోడ్డు అవతల స్థలం లీజుకి తీసుకుని టెక్సాస్‌లో ఉన్నట్టు ఓ రాంచి పెడతాడట.

"అన్నా, నువ్వు హ్యూస్టన్‌లో రోడియో చూశావుగా. మన దగ్గర అంత మంచి గిత్తలుండి అలాంటిది ఎందుకు చెయ్యలేం?" అన్నాడు.

కుర్రాడు పుట్టి పెరిగింది విజయవాడలో అపార్ట్‌మెంట్లో. వాళ్ళ నాన్నగారిది బ్యాంకు ఉద్యోగం. వీడు ఇంతవరకూ ఒక్క పశువుకీ గడ్డి వెయ్యలేదు. నవ్వొచ్చింది గానీ నవ్వలేదు. ఎందుకంటే కొన్నేళ్ళ క్రితం ఇదే పిచ్చి నాకూ పట్టింది. దాని ఖరీదు ఎంతో నాకు తెలుసు. అక్కడ టీ కొట్టు దగ్గర అంతా చెప్పడం కుదర్లేదు కాబట్టి ఇక్కడ రాస్తున్నాను.

ముందు ఆ రోడియో సంగతి. 2014 మార్చిలో ఆన్‌సైట్లో ఉన్నప్పుడు మా మేనేజరు టీమంతటినీ హ్యూస్టన్ రోడియోకి తీసుకెళ్ళాడు. ఫుట్‌బాల్ స్టేడియంలో మట్టి పోసి మరీ ఆడతారు. బుల్ రైడింగ్ అంటే తెలిసిందే కదా, ఎద్దు మీద ఒంటి చేత్తో పట్టుకుని 8 సెకండ్లు నిలబడాలి. పడిపోతే సున్నా. నిలబడితే నూటికి మార్కులు వేస్తారు, అందులో సగం ఎద్దు ఎంత బాగా ఎగిరిందన్నదాన్ని బట్టి. ఇంతలో గేటు తీయగానే ఓ ఎద్దు బయటికి దూకింది. దానికి మూపురం! నేను సీట్లోంచి లేచి "ఇది మనదే" అని అరిచాను. పక్కన ఉన్న తెల్లాయన నన్ను విచిత్రంగా చూశాడు.

తర్వాత చదివితే తెలిసింది, నేను అరిచింది తప్పేమీ కాదు. అమెరికన్ బ్రాహ్మన్ అనే జాతిని వాళ్ళు మన దేశపు పశువులతోనే తయారు చేసుకున్నారు. గిర్, కాంక్రేజ్, కృష్ణా లోయ, ఒంగోలు, ఈ నాలుగే దానికి మూలం. 1924లో దానికో సంఘం కూడా పెట్టుకున్నారు. రోడియోలో ఎగిరే ఎద్దుల్లో చాలావాటికి ఈ బ్రాహ్మన్ రక్తం ఉంటుంది. అంటే మన మూపురం అక్కడికెళ్ళి స్థిరపడిపోయిందన్నమాట, మనకంటే చాలా ముందే, వీసా గొడవలేమీ లేకుండా.

సరే, మనిషి సంగతేంటి? బయటివాడు ఆ రంగంలో నిలదొక్కుకోగలడా? నిలదొక్కుకున్నవాళ్ళు ఉన్నారు. చార్లెస్ సాంప్సన్ అనే నల్లజాతి కుర్రాడు లాస్ ఏంజిలెస్‌లో వాట్స్ అనే పేటవాడు. పక్కా సిటీ. చిన్నతనంలోనే గుర్రపుసాలల్లో తిరిగి పని నేర్చుకుని, 1982లో బుల్ రైడింగ్‌లో ప్రపంచ ఛాంపియన్ అయ్యాడు. ఆ పట్టం గెలిచిన తొలి నల్లజాతివాడు అతనే. ఇంకొకాయన బ్రెజిల్ నుంచి వచ్చిన అద్రియానో మొరాయెస్. 1992లో 20 మంది రైడర్లు తలా వెయ్యి డాలర్లు వేసుకుని పీబీఆర్ అని సొంత సంస్థ పెట్టుకుంటే, 1994లో దాని మొట్టమొదటి ఛాంపియన్ ఈ పరాయి దేశపాయనే. మళ్ళీ 2001లో, 2006లో గెలిచాడు. ఆయన వెనకే బ్రెజిల్ వాళ్ళు వరసగా వచ్చి గెలుస్తూనే ఉన్నారు.

మా కుర్రాడు ఇలాంటి కథలు చూసే ఉత్సాహపడుతున్నాడు. కానీ ఇక్కడ ఒక మెలిక ఉంది. మొరాయెస్ అమెరికాకి బయటివాడు గానీ ఎద్దులకి బయటివాడు కాదు. బ్రెజిల్‌లో బారెటోస్ అనే ఊళ్ళో 1956 నుంచీ రోడియో జరుగుతోంది. ఆయన భాష రాని దేశానికి వెళ్ళాడు గానీ, రాని పనికి వెళ్ళలేదు. మనవాడిది సరిగ్గా దీనికి తలకిందులు. ఊరు మనదే, భాష మనదే, పనే కొత్త. సాంప్సన్‌కి పని కొత్తదే, కానీ చిన్నప్పుడే సాలలో చేరాడు, ఎద్దుని కొనుక్కుని కాదు. అసలు రోడియోలో మామూలుగా జీతాలుండవు. చాలాచోట్ల పోటీదారే ఎంట్రీ ఫీజు కట్టుకోవాలి, దారిఖర్చులు పెట్టుకోవాలి, పడిపోతే ఉత్తచేతుల్తో ఇంటికెళ్ళాలి. అప్రైజల్లో రేటింగ్ తగ్గిందని నెల రోజులు ముఖం మాడ్చుకునే మనకి ఇది ఊహకందే లెక్క కాదు.

ఇక మన దగ్గర సంగతి. బండలాగుడు తెలియనివాళ్ళ కోసం నాలుగు ముక్కలు. జతని కాడికి కట్టి బండ తగిలిస్తారు. ఇచ్చిన టైములో అటూ ఇటూ తిరిగి ఎన్ని అడుగుల దూరం లాగితే అది స్కోరు. విభాగాలు పళ్ళని బట్టి: పాలపళ్ళు, రెండు పళ్ళు, నాలుగు పళ్ళు, ఆరు పళ్ళు, ఆ తర్వాత జూనియర్లు, సీనియర్లు. గిత్తకి పాలపళ్ళు ఊడి శాశ్వతమైన పళ్ళు జతలు జతలుగా వస్తాయి కాబట్టి నోరు తెరిచి చూసి వయసు చెప్తారు. విభాగం పెరిగేకొద్దీ బండ బరువు పెరుగుతుంది. సంక్రాంతికి, తిరునాళ్ళకి ప్రకాశం, గుంటూరు, కృష్ణా జిల్లాల్లో జనం విరగబడి చూస్తారు.

నేను 2017లో ఈ గోదాలోకి దిగాను. బోనస్ డబ్బులు 4 లక్షలు పెట్టి, అద్దంకి దగ్గర ఓ పల్లెలో ఒక పెద్దాయన పెంచుతున్న రెండు పళ్ళ జతలో సగం వాటా తీసుకున్నాను. వాటిని మేపేది ఆయన, కడిగేది ఆయన, తెల్లారగట్ల లేచి తోలేది ఆయన, ఉలవలు ఉడకబెట్టేది వాళ్ళావిడ. నేను నెలకో శనివారం కార్లో వెళ్ళి ఫోటోలు దిగేవాణ్ణి. ఫేస్‌బుక్కులో లైకులు బాగానే వచ్చేవి లెండి.

ఓ తిరునాళ్ళ పోటీకి ముందురోజు ఆయన ఫోన్ చేశాడు. "దాపటి గిత్త రెండ్రోజుల నుంచీ మేత సరిగ్గా ముట్టట్లేదు నాయనా. నడకలో ఏదో తేడాగా ఉంది. ఈసారికి వదిలేద్దాం" అన్నాడు. దాపటిదంటే కాడికి ఎడమవైపు కట్టేది. నేనేమో అప్పటికే ఫ్లెక్సీ వేయించాను. ఆఫీసులో నలుగురు ఫ్రెండ్సుని కూడా బయల్దేరదీశాను. "పేరు ఇచ్చేశాం కదా బాబాయ్, మెల్లగా తోలిద్దాంలే" అన్నాను. ఆయన ఇంకేమీ అనలేదు. సగం వాటాదారుణ్ణి కదా, ఏమంటాడు?

మూడో తిప్పులో దాపటిది మోకాళ్ళ మీద కూలబడింది. ముందుకాలి కీలు దెబ్బతింది, ఇక ఇది బరువు లాగదని డాక్టరుగారు చెప్పారు. నా 4 లక్షలు పోవడం చిన్న విషయం. మూడు నెలల్లో సర్దుకున్నాను. ఆయనకి మాత్రం రెండేళ్ళ పెంపకం పోయింది. జత విడిపోతే రెండోదానికీ సగం ధరే. అన్నిటికన్నా సిగ్గేసిన సంగతి ఇంకోటుంది. ఆరోజు మైకులో యజమాని అని చదివింది నా ఒక్కడి పేరే. పెద్దాయన పగ్గం పట్టుకుని వెనకాల నిలబడి ఉన్నాడు. ఇప్పటికీ ఆయన నన్ను ఒక్క మాట అనలేదు. ఆ గిత్తని అమ్మకుండా కొట్టంలోనే ఉంచుకుని మేపుతున్నాడు.

అందుకే నేను చెప్పొచ్చేదేంటంటే, బయటివాడికి ఈ రంగంలో చోటు లేదని కాదు. డబ్బుతో దొరికే చోటు మాత్రం మంచి చోటు కాదు. మనలాంటి వాళ్ళం వారాంతపు యజమానులుగా దిగితే జరిగేది రెండే. ఒకటి, ధరలు పెరుగుతాయి. రెండు, పని తెలిసినవాడి మాట కంటే డబ్బు పెట్టినవాడి మాట పైకి లేస్తుంది. రెండోదాని ఫలితం ఏంటో నేను కళ్ళారా చూశాను.

మరి మంచి చోటు ఏది? ఈ రంగంలో లేనిదేదో, మనకి వచ్చినదేదో, ఆ రెండూ కలిసేది. నా మట్టుకు నాకు అది రాతకోతలు. బ్రెజిల్ కథే చూడండి. మన గిత్త అక్కడికి వెళ్ళే రోజుల్లో ఒంగోలు నెల్లూరు జిల్లాలో ఉండేది కాబట్టి వాళ్ళు దాన్ని నెలోర్ అన్నారు. ఈరోజు బ్రెజిల్ మాంసపు పశువుల్లో అత్యధికం ఆ జాతే. 1960ల మొదట్లో తీసుకెళ్ళిన ఒక గిత్త పేరు కర్వాది. ఒంగోలు పక్కన ఉన్న కరవది ఊరి పేరది! దాని సంతతి ఎవరు, ఎవరికి ఎవరు పుట్టారు, అన్నీ వాళ్ళ దగ్గర కాగితం మీద ఉన్నాయి. 2023లో వియాతినా-19 అనే నెలోర్ ఆవులో ఓ వాటాని వేలం వేస్తే, ఆ లెక్కన ఆవు మొత్తం విలువ 40 లక్షల డాలర్లు దాటింది. ఆ ధర ఒక్క ఆవుకే వచ్చింది కాదు, దాని వెనకున్న తరాల రికార్డుకి కూడా వచ్చింది. గిత్త మనది, పుస్తకం వాళ్ళది. వాళ్ళూ ఈ జాతికి ఒకప్పుడు బయటివాళ్ళే కదా?

అమెరికాలోనూ అంతే. ఎగిరే ఎద్దులకి డీఎన్ఏ పరీక్ష చేసి తల్లీతండ్రుల్ని రిజిస్టరు చేసే సంస్థ ఉంది. రెండేళ్ళ కోడెలకి మనిషిని ఎక్కించకుండా, వీపు మీద రిమోటుతో ఊడిపడే చిన్న పెట్టె కట్టి 4 సెకండ్లు ఎగిరించి మార్కులేస్తారు. అంటే అక్కడ ఎద్దుని ఎక్కేవాళ్ళు కొద్దిమందే, దాని చుట్టూ బతికేవాళ్ళు చాలామంది. పశువుల్ని సప్లై చేసేవాళ్ళు, జడ్జీలు, టైము చూసేవాళ్ళు, పశువైద్యులు, లెక్కలు రాసేవాళ్ళు. మన పల్లెల్లో వంశాల లెక్కంతా పెద్దాయన లాంటివాళ్ళ బుర్రల్లో ఉంది. ఏ గిత్త ఏ ఆంబోతుకి పుట్టిందో ఆయన మూడు తరాలు వెనక్కి గడగడా చెప్తాడు. ఆయన పోతే ఆ డేటాబేసు పోతుంది, బ్యాకప్ లేదు. లాంలో, చదలవాడలో ప్రభుత్వ క్షేత్రాలున్నాయి, నిజమే. కానీ రైతు కొట్టంలో ఉన్న జత సంగతి ఎవరు రాస్తున్నారు? పళ్ళు చూసి వయసు కట్టేచోట గొడవలు రాకుండా పుట్టిన తేదీ ఎవరు రాస్తారు? ఇది మన పని. పెద్దాయన పేరు మొదట, మన పేరు చివర ఉండేలా చేస్తే ఇంకా మంచి పని.

చట్టం సంగతి కూడా మర్చిపోకూడదు. 2014 మేలో సుప్రీంకోర్టు జల్లికట్టునీ ఎడ్లబండ్ల పందేల్నీ కుదరవంది. 2023 మేలో తమిళనాడు, కర్ణాటక, మహారాష్ట్ర చేసుకున్న సవరణలు చెల్లుతాయంది. అంటే ఈ ఆటలన్నీ చట్టం చూపు కింద ఉన్నవే. జంతువుని హింసిస్తున్నారనే వాళ్ళని తిట్టిపోస్తే లాభం లేదు. నా గిత్త కూలబడ్డ రోజు వాళ్ళడిగే ప్రశ్నకి నా దగ్గర జవాబు లేదు. ఈ రంగంలో బతకాలనుకునేవాడు ఆ జవాబు ముందే తయారు చేసుకోవాలి.

ఇంతకీ కుర్రాడికి ఏం చెప్పానంటే, మా కాంప్లెక్సు వెనక పాల డెయిరీ ఒకటుంది. చుట్టూ టవర్లు లేచినా ఆ యజమాని మాత్రం గేదెల్ని వదల్లేదు. ఏటా సదర్‌కి దున్నపోతుని ముస్తాబు చేసి తీసుకెళ్తాడు. "రిజైన్ ఆపు. 60 రోజులు పొద్దున నాలుగున్నరకి అక్కడికి పోయి పేడ ఎత్తు. జీతం అడక్కు, సెల్ఫీ దిగకు. 61వ రోజు కూడా వెళ్ళాలనిపిస్తే, నిన్ను పెద్దాయన దగ్గరికి నేనే తీసుకెళ్తా. గిత్తలు కొనడానికి కాదు, పుస్తకం పట్టుకుని ఆయన పక్కన కూర్చోడానికి" అన్నాను.

సోమవారం రిజైన్ చెయ్యలేదు. నా మాటకి కోపమొచ్చిందో ఏమో, ఆఫీసులో సరిగ్గా మాట్లాడలేదు కూడా. మొన్నా నిన్నా కాఫీకి రమ్మంటే పనుందన్నాడు. ఇవాళ పొద్దున వాకింగ్‌కి వెళ్తూ చూస్తే డెయిరీలో మోకాళ్ళదాకా ప్యాంటు మడిచి గంప మోస్తున్నాడు. యజమానిని అడిగితే మూడ్రోజులుగా వస్తున్నాడన్నాడు.

ఇంకా 57 ఉన్నాయి. చూద్దాం. నా సలహా తప్పంటారా? మీలో ఎవరైనా ఇలా దిగి నిలదొక్కుకున్నవాళ్ళుంటే చెప్పండి, వాడికి చూపిస్తాను.