కొయ్య వస్తువుకు పైపూత: మెరుపు కాదు, వాడుక ముఖ్యం

సెలవు దినాలలో ఉలి, చిత్రిక చేతబట్టి ఇంటికి కావలసిన చిన్న చిన్న కొయ్య వస్తువులను స్వయంగా చేసుకొనేవారు మధ్యతరగతి కుటుంబాలలో అరుదు కాదు. తెడ్డు, చపాతీ పీట, పోపుల పెట్టె, పసివానికి బొమ్మబండి వంటివి ఇంట్లో తయారగుట ఎంతో సంతోషింపదగిన విషయము. అయితే కొయ్యను ఎన్నుకొనుటలో, నునుపు చేయుటలో చూపిన శ్రద్ధను పైపూత విషయంలో చాలామంది చూపరు. అంగడికి వెళ్లి "బాగా మెరిసేది ఇవ్వండి" అని అడిగి తెచ్చుకొంటారు. ఆహారాన్ని, పిల్లల నోటిని తాకే వస్తువుకు మెరుపు ప్రధానం కాదు. ఆ వస్తువు దేనిని తాకుతుందో ముందు ఆలోచించి, ఆ తరువాతనే పూతను నిర్ణయించుకొనవలెనని మా అభిప్రాయము.

రాజంపేట ప్రాంతం వారికి కొయ్యతో చుట్టరికం పాతది. శేషాచలం, పాలకొండల అడవులు ఎర్రచందనానికి పుట్టినిల్లు. కోడూరు సమీపంలోని శెట్టిగుంట ఎర్రచందనపు బొమ్మలకు పేరుపొందిన గ్రామము. ఆ కొయ్యకు స్వతస్సిద్ధమైన రంగే అందము. రంగు డబ్బాతో దానికి పని లేదు. కాని ఎర్రచందనం ఎవరైనా చాటుగా, చౌకగా ఇస్తామన్నా ముట్టరాదు. అనుమతి లేని ఆ కొయ్యను దగ్గర ఉంచుకొనుట నేరము. ఇంటి పనులకు వేప, మామిడి, టేకు చాలును.

ఇక పూతలలోని గుణదోషములు విచారింతము. మొదట చెప్పదగినది సీసము. ఇది పిల్లల మెదడు ఎదుగుదలను దెబ్బతీయు విషము. ఇంత మోతాదు వరకు హాని లేదని చెప్పుటకు వీలులేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ స్పష్టం చేసినది. మన దేశంలో 2016లో చేసిన నిబంధనల ప్రకారం, 2017 నవంబరు 1 నుండి గృహోపయోగ, అలంకరణ రంగులలో సీసం పది లక్షల పాళ్లకు 90 పాళ్లు మించరాదు. అందుచేత రంగు కొనునప్పుడు డబ్బాపై సీసం గురించిన ముద్రణను తప్పక చదువవలెను. అంతకు ముందటి కాలపు రంగు వేసిన పాత తలుపు చెక్కలను గీకి పిల్లల బొమ్మలు చేయుట ఎంతమాత్రం మంచిది కాదు. గీకినప్పుడు లేచే ధూళి ఇల్లంతా పరచుకొంటుంది.

"అయితే సహజమైన రంగులే వాడుదుము" అని కొందరు వెంటనే అందురు. ఇక్కడనే జాగ్రత్త అవసరము. హరిదళము సహజ ఖనిజమే, అందులో ఉన్నది పాషాణము. ఇంగిలీకము సహజమే, అందులో ఉన్నది పాదరసము. శుద్ధి చేయని ఇటువంటి ద్రవ్యాలను ఆయుర్వేదం ఔషధంగా అంగీకరించదని పాఠకులకు తెలిసినదే. కనుక సహజము అను మాట ఒక్కటే అభయము కాజాలదు. ఏ ద్రవ్యమైనను గుణమును బట్టియే గ్రహింపదగినది.

గుణమును బట్టి మెచ్చదగిన వాటిలో లక్క ఒకటి. లాక్షాది తైలం ద్వారా ఇది మన పాఠకులకు సుపరిచితము. అనకాపల్లి జిల్లా ఏటికొప్పాకలో అంకుడు కొయ్యను తరిణెపై తిప్పుతూ, పసుపు, జాఫ్రా గింజలు, నీలిమందు వంటి వాటి రంగులు కలిపిన లక్కను ఒత్తి పట్టిస్తారు. రాపిడి వేడికి లక్క కరిగి కొయ్యకు అంటుకొంటుంది. ఆ బొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు లభించినది. తరిణె లేనివారు లక్క రేకులను స్పిరిటులో కరిగించి గుడ్డతో పలుచగా పూయవచ్చును. ఆ స్పిరిటు త్రాగినచో విషము, త్వరగా నిప్పు అంటుకొను గుణము కలది. గాలి వచ్చే చోట, పొయ్యికి దూరంగా, పిల్లలకు అందకుండా వాడవలెను. స్పిరిటు పూర్తిగా ఆరిపోయిన తరువాత మిగిలేది లక్క మాత్రమే. లక్క వేడికి, సోడా నీటికి ఓర్వదు. బొమ్మలకు, పెట్టెలకు తగును గాని, వేడి అన్నంలో తిప్పే తెడ్డుకు తగదు.

తెడ్డుకు, పీటకు తగినది అవిసె గింజల నూనె. ఇది గాలిలోని ప్రాణవాయువును గ్రహించి గట్టిపడుతుంది. వంటింట ఉన్న కొబ్బరి నూనె, వేరుశనగ నూనె అట్లు గట్టిపడవు. కొయ్యలోనే ఉండి ముక్కవాసన వేస్తాయి. అవిసె నూనెను ఆహారానికి అమ్మేదే కొనవలెను. రంగుల అంగళ్లలో 'డబుల్ బాయిల్డ్' అని అమ్మే నూనెలో త్వరగా ఆరుటకు లోహ లవణాలు కలుపుతారు కనుక అది వంటింటికి పనికిరాదు.

నాలుగు పాళ్లు అవిసె నూనె, ఒక పాలు అసలైన తేనెమైనం ఒక గిన్నెలో తీసుకొని, దానిని వేడినీటి పాత్రలో ఉంచి కరిగించవలెను. సిక్థ తైలం ఎరిగినవారికి ఈ పద్ధతి కొత్త కాదు. అక్కడ నువ్వుల నూనె, ఇక్కడ అవిసె నూనె. చల్లారిన లేపనాన్ని గుడ్డతో పలుచగా రుద్ది, అరగంట తరువాత మిగులును పూర్తిగా తుడిచివేయవలెను. ఒక్కొక్క పూత ఆరుటకు కొన్ని దినములు పట్టును. తొందరపడరాదు. ఆ నూనె గుడ్డలను ముద్దగా చుట్టి పడవేసినచో లోలోపల వేడెక్కి తమంతట తామే అంటుకొనగలవు. మన రాయలసీమ ఎండలలో ఈ జాగ్రత్త మరింత అవసరము. గుడ్డను ఆరుబయట విప్పి ఆరవేయవలెను, లేదా నీటిలో తడిపి పారవేయవలెను.

మెలమిన్ పాలిష్, పాలియూరిథేన్ వంటి పూతలను పూర్తిగా తోసిపుచ్చుట న్యాయం కాదు. బల్లకు, అలమారకు అవి ఎక్కువ కాలం మన్నుతాయి. అయితే మెలమిన్ ఆరునప్పుడు ఫార్మాల్డిహైడ్ వాయువు వెలువడును. రెండు డబ్బాలు కలిపి వాడే పాలియూరిథేన్ ఆవిరి ఉబ్బసం కలిగింపగలదు. పసిపిల్లలు, గర్భిణులు, ఆయాసం ఉన్నవారు నివసించే ఇంట మూసిన గదిలో వీటిని పూయరాదు.

చివరిగా, కొన్ని వస్తువులకు పూత లేకపోవుటయే మేలు. మధుమేహం ఉన్నవారు కొందరు వేగిస (విజయసారం) గ్లాసులో రాత్రి నీరు పోసి ఉదయం త్రాగుతారు. దానికి పూత వేసినచో కొయ్య సారము నీటిలోకి దిగదు. ఆ గ్లాసు ఉన్నదని వైద్యుడిచ్చిన మందు మానరాదన్నది వేరుగా చెప్పనక్కరలేదు.

కనుక పూత కొనేముందు మూడు ప్రశ్నలు వేసుకొనండి. ఈ వస్తువు నోటిని తాకునా? వేడిని, నీటిని తాకునా? పూత పూయు సమయంలో దగ్గర ఎవరుందురు? నోటికి, అన్నానికి తగిలే వస్తువు కొంచెం మెరుపు తగ్గి ఉండుటలో నష్టమేమీ లేదు. ఆరు నెలలకు ఒకసారి మరల కొంచెం లేపనం రుద్దుకొన్న చాలును. ఆ శ్రమకు ఓర్చుకొన్న ఇల్లాలి చేతి తెడ్డు, ఆ ఇంటి పసివాని బొమ్మబండి, ఏ శంకా లేకుండా ఏళ్ల తరబడి ఉపయోగపడగలవు.