మీటరు ఒకటే, కాపురాలు నాలుగు

బెంగళూరులో 30 బై 40 సైటు అంటే 1,200 చదరపు అడుగులు. ఆ సైటులో కింద ఓనరు, పైన రెండు చిన్న ఇళ్లు, మిద్దె మీద ఒక సింగిల్ రూము. మారతహళ్లి, కె.ఆర్. పురం వైపు ఇలాంటి ఇళ్లు వీధికి పది కనిపిస్తాయి. చాలా ఇళ్లలో ఓనరూ మనవాడే, బాడుగకున్నదీ మనవాళ్లే. ఒకరు రెండు మూడు తరాల కిందట వచ్చి స్థిరపడినవారు, ఇంకొకరు నిన్న మొన్న అనంతపురం, చిత్తూరు నుంచి బస్సు దిగినవారు. ఇద్దరి మధ్య ఇప్పుడు నడుస్తున్న పేచీ బాడుగ గురించి కాదు, అడ్వాన్సు గురించీ కాదు. గోడ మీద ఉన్న ఒకే ఒక్క కరెంటు మీటరు గురించి.

2023 జులై వాడకం నుంచి కర్ణాటకలో గృహజ్యోతి అమల్లోకి వచ్చింది. ఇంటికి నెలకు 200 యూనిట్ల వరకు ఉచితం అని అందరికీ తెలుసు. ఎవరికి ఎన్ని యూనిట్లు అన్నదానికి మాత్రం ఒక లెక్క ఉంది. 2022-23లో ఆ మీటరు మీద సగటున వాడిన యూనిట్లకు 10 శాతం కలిపి అర్హత నిర్ణయించారు. అర్హతకు మించి, 200 లోపు వాడితే మించిన యూనిట్లకే డబ్బు కట్టాలి. 200 దాటితే మొత్తం బిల్లు కట్టాలి. పన్నెండు నెలల రికార్డు లేని కొత్త కనెక్షన్లకు 53 యూనిట్ల సగటు తీసుకుని 58 యూనిట్లు ఇచ్చారు. బాడుగదారులు కూడా అర్హులే. ఆధార్‌తో పాటు బాడుగ అగ్రిమెంటో, ఆ చిరునామాతో ఉన్న ఓటరు కార్డో చూపి, ఆ మీటరు అకౌంటు నంబరుకు లింకు చేసుకుంటే చాలు.

చిక్కంతా ఆ మీటరు దగ్గరే ఉంది. ఓనరు 120 యూనిట్లు, ముగ్గురు బాడుగదారులు తలా 60 వాడారనుకుందాం. ఒకే మీటరు మీద అది 300. పథకం ఎవరికీ లేదు. 2025-26 ధర ప్రకారం యూనిట్ 5 రూపాయల 80 పైసలు, అంటే 1,740 రూపాయలు, దాని మీద ఫిక్సెడ్ చార్జి. అదే ముగ్గురికీ వేరు మీటర్లు ఉంటే, కొత్త కనెక్షన్ లెక్కలో చూసినా, ఒక్కొక్కరూ 58 పోను రెండు యూనిట్లకు కట్టాలి. పన్నెండు రూపాయల మాట. వాడకం మారలేదు, మనుషులు మారలేదు. మారింది వైరింగు ఒక్కటే.

ఇంకో రకం ఇల్లు ఉంది, దాని గురించి మనం బయట మాట్లాడుకోం. ఓనరు 90, ఇద్దరు బాడుగదారులు చెరో 50, మొత్తం 190. ఆ మీటరు అర్హత కూడా అంతే ఉంటే బిల్లు సున్నా వస్తుంది. అయినా సబ్ మీటరు చూసి యూనిట్‌కు ఎనిమిది రూపాయల చొప్పున చెరో 400 వసూలు చేస్తే? ప్రభుత్వం పేద ఇంటికని ఇచ్చిన డబ్బు ఓనరు జేబులోకి పోయినట్టే. సబ్ మీటరు పెట్టుకుని ఖర్చు పంచుకోవడంలో తప్పు పట్టడానికి ఏమీ లేదు. రాని బిల్లుకు డబ్బు తీసుకోవడం మాత్రం పంచుకోవడం కాదు. 2003 విద్యుత్ చట్టం లైసెన్సు లేకుండా కరెంటు అమ్మడాన్ని ఒప్పుకోదు. సబ్ మీటరు మీద లాభం వేసుకోవడం ఆ గీతకు చాలా దగ్గరగా వెళ్లడమేనని మా అభిప్రాయం.

తమిళనాడులో ఈ తేడా ఇంకా ఎక్కువ. హోసూరు, చెన్నైలలో ఉన్న మనవాళ్లకు ఇది అనుభవమే. అక్కడ రెండు నెలలకు మొదటి 100 యూనిట్లు ఉచితం, ఆపైన శ్లాబులు. మీటరు 500 దాటిందంటే 101 నుంచి 200 వరకు ఉండే చౌక ధర కూడా పోతుంది. 2022 సెప్టెంబరు టారిఫ్‌తో లెక్క వేసి చూశాం. మూడు కాపురాలు తలా 200 వాడి, ఒకే మీటరు మీద 600 అయితే బిల్లు 2,750 రూపాయలు. మూడు మీటర్లు ఉంటే ఒక్కొక్కరికి 225, కలిపి 675. తర్వాత ధరలు కొంత పెరిగాయి కానీ తేడా తీరు అదే.

అందుకే అక్కడ ఒకే కుటుంబం రెండు మూడు మీటర్లు తీసుకునే అలవాటు కూడా పుట్టింది. తమిళనాడు పంపిణీ కోడ్ మాత్రం ఒక డోరు నంబరుకు ఒకే టారిఫ్‌లో ఒకరికి ఒకే కనెక్షన్ అంటుంది. రెండోది కావాలంటే భాగాలు నిజంగా వేరుగా ఉండాలి, మధ్యలో శాశ్వతమైన అడ్డు ఉండాలి. తెరో, ప్లైవుడ్డో అడ్డం పెట్టి రెండిళ్లని చూపిస్తే కుదరదు. మెట్ల లైటుకూ, నీళ్ల మోటారుకూ ఉమ్మడి మీటరు వేరే టారిఫ్‌లోకి పోతుంది. పది ఇళ్లలోపు, మూడంతస్తులలోపు, లిఫ్టు లేని చిన్న అపార్ట్‌మెంట్లకు ఆ ధరను 2023 నవంబరు నుంచి 8 రూపాయల నుంచి 5.50కి తగ్గించారు.

మళ్లీ బెంగళూరుకు వస్తే, వేరు మీటరు పెట్టించుకుందామనుకున్న ఓనర్లకు 2025లో కొత్త అడ్డంకి వచ్చింది. 2024 డిసెంబరు 17న సుప్రీంకోర్టు అక్రమ కట్టడాల కేసులో ఇచ్చిన తీర్పులో, కంప్లీషన్ లేదా ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ చూశాకే కరెంటు, నీళ్లు ఇవ్వాలని చెప్పింది. దాంతో ఓసీ లేని ఇళ్లకు కొత్త కనెక్షన్లు ఆగిపోయాయి. రెండో మీటరు అన్నా అది కొత్త కనెక్షనే. గొడవ పెద్దదయ్యాక 2025 అక్టోబరులో రాష్ట్ర ప్రభుత్వం గ్రేటర్ బెంగళూరు పరిధిలో 1,200 చదరపు అడుగుల వరకు ఉన్న సైట్లలో, గ్రౌండు మీద రెండంతస్తులు లేదా స్టిల్ట్ మీద మూడంతస్తుల ఇళ్లకు ఓసీ నుంచి మినహాయింపు ఇచ్చింది. సరిగ్గా మన 30 బై 40 ఇల్లే. కానీ బాడుగ ఆశకు ఇంకో అంతస్తు లేపిన ఇళ్లు ఎన్నో! ఆ పై అంతస్తులో ఉన్నవాడు ఏ తప్పూ చేయలేదు, మీటరు మాత్రం అతనికే దొరకదు. పైగా స్మార్ట్ మీటరు తప్పనిసరి అయ్యాక సింగిల్ ఫేజ్ మీటరు ఖర్చే సుమారు 5 వేలకు చేరింది. వెయ్యిలోపు ఉండేది ఇదివరకు. ఇది ఓనరు పెట్టాలా, బాడుగదారు పెట్టాలా అనేది ఇంకో వాదన. మా లెక్కలో ఇంటితో పాటు ఉండిపోయే వస్తువు ఖర్చు ఓనరుదే.

మీటరు వచ్చినంత మాత్రాన పని అయిపోదు. పాత ఇంటిని ముక్కలు చేసినప్పుడు వైర్లు ముక్కలు కావు. పై ఇంటి బాత్‌రూము లైటు కింది ఇంటి లైనులో ఉంటుంది. మెట్ల లైటు ఎవరో ఒకరి మీటరు మీద వెలుగుతూనే ఉంటుంది. అన్నిటికంటే చిక్కు న్యూట్రల్. రెండిళ్లకు ఫేజు వేరు చేసి న్యూట్రల్ ఒకటే ఉంచితే, లీకేజీ బ్రేకరు కారణం లేకుండా పడిపోతుంటుంది, ఒక్కోసారి మెయిన్ ఆపినా ఆ వైరులో కరెంటు ఉంటుంది. రిపేరుకు వచ్చినవాడి ప్రాణానికే ముప్పు. ప్రతి ఇంటికీ సొంత ఫేజు, సొంత న్యూట్రల్, సొంత బ్రేకరు ఉండాలి. లైసెన్సున్న కాంట్రాక్టరు చేత చేయించాలి. ఒక మీటరు మెయిన్ ఆపి, మిగతా ఇళ్లలో ఏం ఆరిపోయిందో చూస్తే సగం సంగతి తేలిపోతుంది.

కింది గదిని టైలరుకో టిఫిన్ సెంటరుకో ఇస్తే అది ఇంటి మీటరు మీద నడవకూడదు. చట్టంలో 126వ సెక్షన్ కింద ఆ టారిఫ్‌కు రెండింతలు వేస్తారు. సోలాపూర్‌లో ఇంటి వెనకాలే మగ్గం నడిపే కుటుంబాలు ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

ఓనర్ల భయాలు కూడా ఉత్తవి కావు. బాడుగదారు బిల్లు ఎగ్గొట్టి పోతే పాత బకాయి ఇంటిని వదలదు. బకాయి తీరిస్తేనే కొత్త కనెక్షన్ అనే షరతు చెల్లుతుందని 2023 మేలో సుప్రీంకోర్టు కేరళ బోర్డు కేసులో చెప్పింది. అయితే దీనికి మందు మీటరు ఇవ్వకపోవడం కాదు. ఆఖరి బిల్లు కట్టాకే అడ్వాన్సు తిరిగిస్తామని అగ్రిమెంటులో ఒక వాక్యం రాసుకుంటే చాలు. మీటరు ఓనరు పేరు మీదే ఉన్నా బాడుగదారు తన ఆధార్‌ను లింకు చేసుకోవచ్చు, ఇంటి హక్కుకు దీనితో సంబంధం లేదు. ఖాళీ చేసేటప్పుడు ఆ లింకు తీసేయాలి. 2024 నుంచి ఆ వీలు ఉంది. తీయకపోతే తర్వాత వచ్చే కుటుంబం నష్టపోతుంది.

బాడుగదారులు తెలుసుకోవాల్సింది ఒకటుంది. విద్యుత్ చట్టం 43వ సెక్షన్ కనెక్షన్ అడిగే హక్కును ఓనరుకే కాదు, ఆ ఇంట్లో ఉంటున్నవారికి కూడా ఇచ్చింది. ఓనరు ఎన్‌ఓసీ ఇవ్వలేదన్న కారణంతో కరెంటు నిరాకరించకూడదు, దరఖాస్తుదారు అక్కడ ఉంటున్నాడా లేదా అన్నదే చూడాలి అని 2022 మేలో సుప్రీంకోర్టు అన్నది. 2024 సవరణ తర్వాత కేంద్ర నిబంధనల ప్రకారం మెట్రో నగరాల్లో మూడు రోజుల్లో, మిగతా పట్టణాల్లో ఏడు రోజుల్లో కనెక్షన్ ఇవ్వాలి. 10 కిలోవాట్ల వరకు గుర్తింపు పత్రం, నివాస రుజువు, రెండే కాగితాలు. ఓసీ అడ్డంకి దీనికి ఎలా కలుస్తుందో కోర్టులే తేల్చాలి. దరఖాస్తు రాతపూర్వకంగా ఇచ్చి రసీదు తీసుకుంటేనే ఆ ప్రశ్న వారి ముందుకు వెళ్తుంది. కౌంటరులో నోటిమాటగా కాదంటే రుజువు ఉండదు. కన్నడలో వచ్చే బిల్లు చదవడం రాని కొత్తవాళ్లు మనలో చాలామంది. వచ్చే నెల రీడింగుకు మనిషి వచ్చినప్పుడు, పక్కింటి పాతకాపు ఎవరైనా ఆ బిల్లులో అర్హత యూనిట్ల గడి ఎక్కడుందో వేలు పెట్టి చూపించవచ్చు.