మన గింజకు పొగడ్త, మన పళ్లేనికి తెల్లన్నం

2023ను ఐక్యరాజ్యసమితి అంతర్జాతీయ చిరుధాన్యాల సంవత్సరంగా ప్రకటించింది. ఆ ప్రతిపాదన పెట్టింది మన దేశమే. ఏడాదంతా నగరాల్లో సభలు, ప్రదర్శనలు జరిగాయి. సామలు, కొర్రలు, ఊదలు రంగు రంగుల సంచుల్లోకెక్కాయి. భూమి చల్లబడాలన్నా, నీళ్లు మిగలాలన్నా ప్రపంచం ఇవే తినాలన్నారు పెద్దలు. సంతోషమే. మరి ఈ గింజల్ని తరతరాలుగా కాపాడిన మన కొండల్లో, ఆశ్రమ పాఠశాల పిల్లల పళ్లెంలో ఏముంది? తెల్లన్నం.

నేను హాస్టల్లో చేరిన రోజు అమ్మ మూటకట్టిచ్చిన సామన్నం చూసి తోటి పిల్లలు నవ్వారు. "కొండోళ్ల కూడు" అన్నారు. ఎవరూ చూడకుండా దాన్ని గెడ్డలో పారబోశాను. తినొద్దని నాకెవరూ చెప్పలేదు. సిగ్గు చెప్పింది. ఆ సిగ్గు నాకు బడిలోనే అంటింది.

మన తాతల పోడు చూడండి. ఒకే చెక్కలో చోడి, సామ, జొన్న, కంది, అనుము కలిపి చల్లేవారు. ఒకటి ముందు కోతకొస్తే ఇంకొకటి నెలల తర్వాత వచ్చేది. వాన తప్పి ఒకటి పోయినా ఇంకొకటి నిలబడేది. కంది నేలకు బలమిచ్చేది. ఇదేం చదువు లేని పనా? మనిషి తిండి కోసం పండించే మొక్కలు 6,000 రకాలకు పైగా ఉంటే, ప్రపంచ పంట దిగుబడిలో మూడింట రెండు వంతులు కేవలం 9 పంటల నుంచే వస్తోందని ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ 2019లో చెప్పింది. దానికి మందు పంటల వైవిధ్యమేనంటున్నారు. మనల్ని "వెనకబడ్డ సేద్యం" అని ఎన్నేళ్లు తిట్టారో ఆ వైవిధ్యం కోసమే!

ఒక మాట ఒప్పుకోవాలి. పాత రోజులన్నీ బంగారం కాదు. వానాకాలంలో గింజ అయిపోతే మామిడి టెంకల అంబలి తాగి బతికిన ఇళ్లున్నాయి. రేషన్ బియ్యం ఆ ఆకలిని ఆపింది. సామలు దంచీ దంచీ మన ఆడవాళ్ల చేతులు కాయలు కాశాయి. అందుకే నా గొడవ బియ్యంతో కాదు. బియ్యం తప్ప మరేదీ ఇవ్వని పద్ధతితో. 2013 ఆహార భద్రతా చట్టంలో బియ్యం, గోధుమలతో పాటు ముతక ధాన్యాలూ ఉన్నాయి. మరి మన రేషన్ డిపోలో ఎక్కడున్నాయి? కేంద్రం ఏటా ప్రకటించే మద్దతు ధరల పట్టికలో వరి, జొన్న, సజ్జ, రాగి పేర్లుంటాయి. సామ పేరు, కొర్ర పేరు విడిగా ఉండవు. పొగడ్తకు మాత్రం ముందుంటాయి.

2023లో ఆంధ్రప్రదేశ్ బడుల్లో వారానికి మూడు రోజులు రాగిజావ మొదలుపెట్టారు. మంచి పనే. ఆ పిండి మన కొండ చోడిదేనా అని అడిగే హక్కు మనకుంది. కొండ అవతలి ఒడిశాను చూడండి. 2017లో మొదలైన మిల్లెట్ మిషన్ కింద కొరాపుట్, మల్కన్‌గిరి వంటి జిల్లాల్లో రైతుల దగ్గర చోడి కొని రేషన్‌లో ఇచ్చారు. వాళ్లదీ మనలాంటి కొండే, మనలాంటి జనమే. అక్కడ అయింది ఇక్కడ ఎందుకు కాదు?

మాస్టారూ, ఆరోగ్యం పాఠంలో చిరుధాన్యాల గురించి చెప్పి, మధ్యాహ్నం పిల్లవాడి ఇంటి కూడును చూసి మొహం చిట్లించకండి. బడి పెరట్లో రెండు సాళ్లు చోడి, సామ వేయించండి. అవ్వల్ని పిలిచి విత్తనాల పేర్లు పిల్లలతో రాయించండి.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, 1996 పెసా చట్టం మన గ్రామసభకు మాట ఇచ్చింది. ఆ సభలో మూడే తీర్మానాలు రాయండి. మన చోడి, సామ మన ఊళ్లోనే కొనాలి. పొట్టు తీసే మర ఊళ్లోకి రావాలి, రోకలి భారం ఆడవాళ్ల మీద నుంచి దిగాలి. మన బడి పళ్లెంలో మన గింజ ఉండాలి.

ప్రపంచానికి దారి చూపింది మనమేనని చెప్పుకుంటే కడుపు నిండదు. విత్తనం ఇంకా అవ్వ బుర్రకాయలోనే ఉంది. అది ఖాళీ కాకముందే అడిగి తెచ్చి చల్లండి.