పరుగు కంటే ముందు ఇల్లు సిద్ధం కావాలి

పల్నాడు జిల్లా బొల్లాపల్లి మండలం నుంచి ఒక సోదరి మాకు ఉత్తరం వ్రాశారు. ఆమె కుమారుడు ఇంటర్మీడియట్ పూర్తిచేశాడు. అగ్నివీరుగా సైన్యంలో చేరాలని పట్టుబట్టి, ప్రతిరోజూ ఫజ్ర్ నమాజు కాగానే వినుకొండ రోడ్డు మీద పరుగెడుతున్నాడు. మూడు వారాలు తిరగకముందే మోకాలి క్రింద, కాలి ముందు ఎముకలో నొప్పి మొదలయింది. స్నేహితుడెవరో ఇచ్చిన నొప్పి మాత్ర వేసుకొని మరునాడు కూడా పరుగెత్తాడు. మిరప చేనులో పనిచేసే తండ్రి, మనవాళ్ళకు అక్కడ ఏమి పని అని కోప్పడుతున్నారు. వాణ్ణి ఆపాలా, పంపాలా అని ఆ తల్లి ప్రశ్న.

పంపాలా వద్దా అన్నది ఆ ఇంటివారు కూర్చొని నిర్ణయించుకోవలసిన విషయం. పంపదలచుకుంటే ఎలా సిద్ధం చేసి పంపాలో మాత్రం మేము చెప్పగలము. మా దృష్టిలో ఈ సన్నాహం పిల్లవాడు ఒంటరిగా రోడ్డు మీద చేసేది కాదు. అందులో సగం ఇంటిలో, తల్లిదండ్రుల చేతుల మీదుగా జరగవలసినది.

ముందుగా ఆ తండ్రిగారికి ఒక మాట. ఉత్తరప్రదేశ్‌లోని ధామూపూర్ గ్రామంలో దర్జీ కుటుంబంలో పుట్టిన హవల్దార్ అబ్దుల్ హమీద్, 1965 సెప్టెంబరులో ఖేమ్‌కరణ్ ప్రాంతంలో శత్రు ట్యాంకులను ధ్వంసం చేస్తూ ప్రాణం అర్పించి పరమవీర చక్ర పొందారు. బ్రిగేడియర్ ముహమ్మద్ ఉస్మాన్ 1948 జూలై 3న నౌషేరా సమీపంలోని ఝాంగర్ వద్ద అమరులయ్యారు. ఆయనకు మహావీర చక్ర లభించింది. కనుక అక్కడ మనవాళ్ళకు ఏమి పని అన్న ప్రశ్నకు చరిత్ర ఎప్పుడో సమాధానం చెప్పింది. సైనిక ర్యాలీలో కొలత టేపు, స్టాప్‌వాచ్ అందరికీ ఒక్కటే.

కొలతలు ముందే తెలుసుకోండి

పల్నాడు అభ్యర్థులకు సంబంధించిన సైనిక నియామక కార్యాలయం గుంటూరులో ఉంది. 2023 నుంచి ముందుగా కంప్యూటర్ మీద వ్రాత పరీక్ష, అందులో నెగ్గినవారికే ర్యాలీ. కనీస వయసు పదిహేడున్నర సంవత్సరాలు. గరిష్ఠ వయసును ఆ సంవత్సరపు ప్రకటనలో చూసుకోవాలి. జనరల్ డ్యూటీ విభాగానికి పదవ తరగతిలో మొత్తం మీద 45 శాతం, ఒక్కొక్క సబ్జెక్టులో 33 శాతం మార్కులు ఉండాలి. మన ప్రాంతంవారికి ఎత్తు 166 సెంటీమీటర్లు, ఛాతీ 77 సెంటీమీటర్లు. ఊపిరి పీల్చినప్పుడు మరో 5 సెంటీమీటర్లు పెరగాలి.

ర్యాలీలో 1.6 కిలోమీటర్ల పరుగును ఐదున్నర నిమిషాలలో ముగిస్తే పూర్తిగా 60 మార్కులు. కడ్డీ పట్టుకొని గడ్డం పైకి వచ్చేలా పది సార్లు లేస్తే 40 మార్కులు. తొమ్మిది అడుగుల గుంట దూకడం, వంకర దిమ్మె మీద తూలకుండా నడవడం కూడా ఉంటాయి. వాటికి మార్కులు లేవుగాని తప్పక నెగ్గాలి. ఎత్తు, చూపు, చదునైన పాదాలు, నిలబడితే మోకాళ్ళు తగులుకోవడం, చెవిలో గులిమి, పుచ్చిపళ్ళు వంటివన్నీ వైద్యులు పరిశీలిస్తారు. పిల్లవాడు ఆరు నెలలు చెమటోడ్చిన తర్వాత చూపు చాలదని తెలిస్తే ఆ ఇంటి బాధ ఎంతటిది! సన్నాహం మొదలుపెట్టకముందే దగ్గరి వైద్యునికి ఒకసారి చూపించండి. సరిచేయగలిగినవి సరిచేయించండి. సరికానిది ఉంటే అప్పుడే మరో దారి ఆలోచించవచ్చు.

శరీరానికి నెలలు కావాలి

దైవప్రవక్త (సఅసం) తమ సతీమణి హజ్రత్ ఆయిషా (రజి)తో పరుగు పందెం వేసిన సంగతి హదీసు గ్రంథాలలో ఉన్నది. దేహ దారుఢ్యం మన ధర్మానికి పరాయిది కాదు. అయితే ఈ దేహం అల్లాహ్ మనకు అప్పగించిన అమానతు. నొప్పిని మాత్రతో అణచి దానిని పరుగెత్తించడం అమానతును కాపాడడం కాదు.

ఈ అబ్బాయి చేసిన పొరపాటు చాలామంది చేసేదే. గుండె, ఊపిరితిత్తులు కొద్ది వారాలలో పరుగుకు అలవాటు పడతాయి. ఎముకలకు, కీళ్ళకు అంతకంటే ఎక్కువ కాలం పడుతుంది. ఊపిరి అందుతున్నదని దూరం పెంచుకుంటూ పోతే ఎముక తట్టుకోలేదు. నొప్పి ఎముక పొడవునా ఉంటే కొన్నాళ్ళ విశ్రాంతితో తగ్గవచ్చు. ఒక్క వేలితో చూపించగలిగే చోట ఉండి, ఒంటికాలి మీద గెంతితే, రాత్రి పడుకున్నా బాధిస్తుంటే అది ఎముకలో సన్నని పగులు కావచ్చు. అప్పుడు పరుగు వెంటనే ఆపి ఎముకల వైద్యుని వద్దకు వెళ్ళాలి.

సరైన క్రమం ఇది. మొదటి నెలలో అరగంట వేగంగా నడక. మధ్య మధ్య రెండేసి నిమిషాల మెల్లని పరుగు. రెండవ నెలలో, ప్రక్కవాడితో మాట్లాడగలిగినంత నిదానంగా మూడు కిలోమీటర్లు ఆగకుండా. మూడవ నెల నుంచే వేగం. అదీ వారానికి ఒకటి రెండు రోజులు మాత్రమే. 1.6 కిలోమీటర్లంటే 400 మీటర్ల చుట్లు నాలుగు. ఐదున్నర నిమిషాలలో ముగియాలంటే ఒక్కొక్క చుట్టుకు సుమారు 82 సెకన్లు. మొదటి చుట్టు 70 సెకన్లలో ఉరికినవాడు మూడవ చుట్టులో కూలబడతాడు. కనుక సమవేగం నేర్చుకోవాలి. ఒక వారానికీ మరుసటి వారానికీ దూరం పదవ వంతుకు మించి పెంచరాదు. వారంలో రెండు రోజులు విశ్రాంతి తప్పనిసరి. తారు రోడ్డు కంటే బడి మైదానం, మట్టి బాట మేలు. రోడ్డు మీద చీకటిలో వచ్చే లారీల ప్రమాదం కూడా తప్పుతుంది.

కడ్డీకి ఖర్చు అక్కరలేదు. గట్టి వేపకొమ్మ చాలు. మొదట ఊరకే వ్రేలాడడం, తర్వాత బల్ల మీద నుంచి పైకి అందుకొని మెల్లగా క్రిందికి దిగడం, ఆ తర్వాత ఒకటి, రెండు అంటూ పెంచుకోవడం. దేహాన్ని ఊపి లేస్తే లెక్కలోకి రాదు.

ఆహారం విషయంలో తల్లులు డబ్బాలలో వచ్చే పొడుల కోసం అప్పులు చేయవద్దు. జొన్నరొట్టె, పప్పు, గుడ్డు, వేరుశనగ, ఆకుకూర, అరటిపండు, కంటినిండా నిద్ర ఉంటే చాలు. ఇంజెక్షన్లు, వేగం పెంచే మందులు అని ఎవరైనా ఆశ పెడితే దగ్గరకు రానీయకండి. ఆరోగ్యం చెడుతుంది, దొరికితే అనర్హత కూడా. మన పల్నాడు ఎండలలో సూర్యోదయం తర్వాత కఠినమైన పరుగు వద్దు. రమజాన్‌లో ఉపవాసంతో వేగపు పరుగు మానుకోవాలి. ఇఫ్తార్‌కు ముందు కొద్దిసేపు నడక, తరావీహ్ తర్వాత తేలికపాటి వ్యాయామం ఆ నెలకు సరిపోతాయి.

మనసుకు శిక్షణ ఇంటిలోనే

శిక్షణ కేంద్రంలో చాలామందికి మొదటి వారాలలో పరుగు కంటే ఎక్కువ కష్టం కలిగించేవి చిన్న విషయాలు. తెల్లవారకముందే లేవడం, తన బట్టలు తానే ఉతికి ఇస్త్రీ చేసుకోవడం, పక్క సర్దుకోవడం, పెట్టినది తినడం, ఫోన్ దగ్గర లేకుండా ఉండడం, తప్పు ఒకరు చేస్తే అందరూ కలిసి శిక్ష పొందడం, గద్దింపు విని ఎదురు చెప్పకుండా నిలబడడం. ఇంటిలో మంచినీళ్ళ గ్లాసు కూడా చెల్లెలు అందించవలసిన అబ్బాయికి ఇవన్నీ ఒక్కరోజున నేర్పడం ఏ ఉస్తాదుకూ సాధ్యం కాదు. ఈ రోజు నుంచే అతని పళ్ళెం అతడు కడగనివ్వండి. అతని చొక్కా అతడు ఉతకనివ్వండి. రాత్రి తొమ్మిదింటికి ఫోన్ తల్లి చేతికి ఇవ్వనివ్వండి. ఫజ్ర్‌కు లేచే అలవాటు ఉన్న పిల్లవానికి ఒక మెట్టు ముందే ఎక్కినట్లు.

భాష మరొక విషయం. కవాతు ఆజ్ఞలు హిందీలో ఉంటాయి: సావధాన్, విశ్రామ్, దాహినే ముడ్. ఇంటిలో ఉర్దూ మాట్లాడే మన పిల్లలకు ఇది సులభమే. తెలుగే మాట్లాడే దూదేకుల కుటుంబాల పిల్లలు, తండాల నుంచి వచ్చే స్నేహితులు మాత్రం కొంత కష్టపడతారు. ఉర్దూ వచ్చిన మీ అబ్బాయి, తనతో పరుగెత్తే ఆ స్నేహితులకు రోజుకు నాలుగు మాటలు నేర్పితే అతని మాటా స్పష్టపడుతుంది, పదిమందితో కలిసి బ్రతకడమూ అలవడుతుంది. బారకాసులో ప్రక్క మంచం మీద ఏ రాష్ట్రం, ఏ మతం వాడు ఉంటాడో తెలియదు.

సందేహాలు దాచుకోవద్దు

గడ్డం విషయం ముందే మాట్లాడుకోవాలి. సైన్యంలో సిక్కులకు తప్ప సాధారణంగా గడ్డానికి అనుమతి ఉండదు. వాయుసేనకు సంబంధించిన ఒక కేసులో 2016 డిసెంబరులో సుప్రీంకోర్టు కూడా ముస్లిం సైనికునికి గడ్డం విషయంలో మినహాయింపు ఇవ్వలేదు. దీనిని చేరిన తర్వాత తెలుసుకొని కుమిలిపోవడం కంటే ఇప్పుడే తెలుసుకొని, మీ మస్జిదు ఇమామ్‌గారిని, నమ్మకమైన ఆలిమును సంప్రదించి నిర్ణయించుకోవడం నిజాయితీ. నమాజుకు, ప్రార్థనా స్థలానికి సైన్యంలో ఏర్పాట్లు ఉన్నాయి. మౌల్వీలను కూడా ధార్మిక బోధకులుగా నియమిస్తారు. అయినా కవాతు వేళ ప్రతి నమాజు సమయానికీ ఆగదు. మాంసం విషయంలో సందేహం ఉన్నవాడు పప్పు, గుడ్డు, పాలతో గడుపుకోగలడు.

డబ్బు సంగతి కూడా స్పష్టంగా ఉండాలి. నాలుగేళ్ళ సేవ ముగిశాక 25 శాతం వరకే శాశ్వత సైన్యంలోకి తీసుకుంటారు. మిగిలినవారు సుమారు 11.71 లక్షల సేవానిధితో ఇంటికి వస్తారు. అందులో 10.04 లక్షలు అతని జీతంలో మినహాయించినదీ, దానికి సమానంగా ప్రభుత్వం కలిపినదీ; మిగిలినది వడ్డీ. ఆ వడ్డీ భాగాన్ని ఏమి చేయాలో కూడా ఆలిమును అడగండి. ఇరవై రెండు, ఇరవై మూడేళ్ళకు తిరిగి వచ్చే కుమారుడు ఆ తర్వాత ఏమి చేస్తాడన్నది ఈ రోజే ఆలోచించవలసిన విషయం. చదువు పూర్తిగా వదలవద్దని అతనికి చెప్పండి.

కాగితాలలో మన ఇళ్ళలో తరచుగా వచ్చే చిక్కు పేరు. పదవ తరగతి మెమోలో షేక్ ముందు, ఆధార్‌లో వెనుక. ఒకచోట మహమ్మద్, మరొకచోట ఎం.డి. ర్యాలీ నాడు ఇవి చిన్నవి కావు. ప్రకటన రాకముందే సరిచేయించండి. వ్రాత పరీక్షకు అభ్యర్థి చెల్లించే రుసుము 250 రూపాయలు. ఉద్యోగం ఇప్పిస్తానని లక్షలు అడిగేవాడు మోసగాడే.

తల్లికి చివరి మాట

సోదరీ, ఇది కేవలం జీతం వచ్చే ఉద్యోగం కాదని మీకు తెలుసు. శ్రీ సత్యసాయి జిల్లా గోరంట్ల మండలం కల్లి తండాకు చెందిన అగ్నివీరు మురళీ నాయక్, తల్లిదండ్రులకు ఏకైక కుమారుడు, 2025 మే నెలలో నియంత్రణ రేఖ వద్ద అమరుడయ్యాడు. మీ భయాన్ని ఎవరూ తక్కువ చేయరాదు. ఆ భయాన్ని పిల్లవాని ముందు ఒక్కసారి నెమ్మదిగా చెప్పండి; అతని సమాధానం పూర్తిగా వినండి. ఆవేశంతో మాట్లాడుతున్నాడో, ఆలోచించి మాట్లాడుతున్నాడో తల్లికి తెలియకపోదు.

ఇప్పటికి పరుగు ఆపించండి. ముందు కాలు వైద్యునికి చూపించండి. నొప్పి పూర్తిగా పోయి, వైద్యుడు సరేనన్న తర్వాత నడకతో మళ్ళీ మొదలుపెట్టనివ్వండి. మొదటి వారం తండ్రిగారు కూడా అతని ప్రక్కన నడిస్తే మేము సంతోషిస్తాము. ఇద్దరూ అరగంట కలిసి నడిస్తే, కోపంలో చెప్పుకోలేనివి చెప్పుకుంటారు.

మరొకటి, ర్యాలీకి బయలుదేరే ముందు రాత్రి ఆ తండ్రి నోటి నుంచే అతడు వినాలి: ఎంపికయినా కాకపోయినా ఈ ఇంటి తలుపు ఒకే విధంగా తెరుచుకుంటుందని. ఒకటి రెండు సెకన్ల తేడాతో తిరిగి వచ్చిన కుమారుణ్ణి బంధువుల ముందు చులకన చేయబోమని. ఈ మాట విని వెళ్ళినవాడు తేలికైన మనసుతో పరుగెడతాడు. ఓడిపోయి వచ్చినా, మరుసటి రోజు ఫజ్ర్‌కు లేస్తాడు.

అల్లాహ్ మీ బిడ్డకు ఆరోగ్యాన్ని, సద్బుద్ధిని, మీ ఇంటికి శాంతిని ప్రసాదించుగాక! ఆమీన్.