నాచాకు ఎలాంటి హాలు?

హాంకాంగ్ వాళ్లు తమ సంప్రదాయ సంగీత నాటకానికి 2019లో ఒక పెద్ద భవనాన్నే తెరిచారు. పేరు షీచూ సెంటర్. వెయ్యికి పైగా సీట్లున్న ప్రధాన హాలు భవనం పైభాగాన ఉంటుంది. నాకు నచ్చింది మాత్రం అందులోనే ఉన్న, రెండు వందల మంది పట్టే చిన్న హాలు. అక్కడ టీ తాగుతూ, ఏదో ఒకటి నములుతూ నాటకం చూస్తారు. పాతకాలపు టీ దుకాణాల్లో జనం అలాగే చూసేవారట. కట్టినవాళ్లు ప్రేక్షకుడి అలవాటును కూడా లెక్కలోకి తీసుకున్నారన్నమాట.

రాయ్‌పూర్‌లో, ఛత్తీస్‌గఢ్ పల్లెల జానపద నాటకమైన నాచాకు ఇలాంటి ఇల్లు కట్టాలంటే ఎలా కట్టాలి?

ఆ ఊరివాడే అయిన నాటక దర్శకుడు హబీబ్ తన్వీర్ జీవితంలోనే దీనికి జవాబుంది. లండన్‌లో నాటక విద్య చదివి 1958లో తిరిగొచ్చాక, తాను చదువుకున్న హైస్కూలు మైదానంలో రాత్రంతా కూర్చుని నాచా చూశాడు. ఆరుగురు కళాకారుల్ని ఢిల్లీ తీసుకెళ్లి శూద్రకుడి ‘మృచ్ఛకటికం’ హిందీలో ఆడించాడు. పల్లెల్లో జనాన్ని కడుపుబ్బ నవ్వించినవాళ్లు అక్కడ బిగుసుకుపోయారు. ఈ మాట దగ్గర ఇటు తిరుగు, ఆ మాట దగ్గర అటు నడువు అంటే నాచా నటుడికి ఎక్కదు. మూడు వైపులా జనం ఉంటే, ఎవరు నవ్వితే అటు తిరిగి ఇంకో చురక అంటించడం అతని విద్య. పైగా నోట్లో పరాయి భాష. ఈ రెండు సంకెళ్లూ తీసేయాలని తన్వీర్‌కు తెలిసిరావడానికి పదిహేనేళ్లు పట్టింది. 1973లో రాయ్‌పూర్‌లో పెట్టిన వర్క్‌షాపుతో దారి దొరికింది. తర్వాత వచ్చిన ‘చరణ్‌దాస్ చోర్’ ఛత్తీస్‌గఢీలోనే మాట్లాడి, 1982లో ఎడిన్‌బరోలో బహుమతి కొట్టుకొచ్చింది.

మన సురభి వాళ్లకైతే చుట్టే పరదాలు, తీగలు, తెరచాటు కావాలి. మూడు పక్కలా మూసిన వేదికే వాళ్ల బలం. నాచాకు అదే ఉరి. దానికి కావలసింది ఎత్తు తక్కువ అరుగు, పైన కప్పు, మూడు వైపులా చాపలు, తెల్లవార్లూ ఆడుకునే అనుమతి. పిల్లలు మధ్యలో నిద్రపోతే పోనివ్వండి. ప్రభుత్వోత్సవాల్లో అరగంట ఆడించి శాలువా కప్పి పంపే పద్ధతి మనకూ తెలిసిందే. వీధిభాగవతాన్ని అలాగే గదా సాగనంపాం.

ఇక పెత్తనం మాట. 2009 జూన్‌లో తన్వీర్ కన్నుమూశాడు. రెండు నెలలు తిరక్కుండానే, అక్కడి సత్నామీ మతశాఖ వాళ్ల మనోభావాలు దెబ్బతింటున్నాయంటూ ‘చరణ్‌దాస్ చోర్’ పుస్తకాన్ని రాష్ట్ర ప్రభుత్వం నిషేధించింది. ఆ నాటకాన్ని బతికించిన నటుల్లో సత్నామీలూ ఉన్నారు. అందుకే హాలు సర్కారు డబ్బుతో కట్టినా, అందులో ఏం ఆడాలో తేల్చే కమిటీలో సగానికి పైగా నాచా పార్టీల వాళ్లే ఉండాలి. ఏసీ సంగతి ఆ తర్వాత చూసుకోవచ్చు.